కీర్తనకు కదలని కాలు

భద్రయ్యను మొట్టమొదట ఆపింది ఆయన సొంత బాత్రూము గడపే. ముప్పై ఒక్క ఏళ్ళు సికింద్రాబాద్ గల్లీల్లో సిటీ బస్సు నడిపి, ట్రాఫిక్ పోలీసు ఈల వేసినా ఓ పట్టాన ఆగని మనిషి, ఒకరోజు పొద్దున ఆ గడప ముందు నిలబడిపోయాడు. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. కాలు లేవలేదు, అంతే. పుష్పమ్మ వంటింట్లోంచి వచ్చి చూసేసరికి లుంగీ తడిసిపోయి ఉంది. అరవై ఆరేళ్ళ మనిషి, పెళ్ళాం ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు.

పార్కిన్సన్స్ అన్నారు డాక్టర్లు. ఆ పేరు నోరు తిరగక పుష్పమ్మ ‘వణుకుడు బీమారి’ అని పెట్టుకుంది. అదెంత మాయదారి రోగమంటే, ఖాళీ జాగాలో మనిషిని బాగానే నడవనిస్తుంది. గుమ్మం కనపడిందా, కాళ్ళు పట్టేసుకుంటుంది. పక్కవాళ్ళు పాపమని చెయ్యి పట్టి లాగితే ఇంకా బిగుసుకుంటుంది. మందులు చేతి వణుకు కాస్త తగ్గించాయి గానీ గుమ్మాల దగ్గర వాటి పప్పులేం ఉడకలేదు. భద్రయ్య బయటికి వెళ్ళడమే మానేశాడు. చుట్టాలు ఫోన్ చేస్తే పడుకున్నాడని చెప్పమనేవాడు.

ఎవరో చెప్పగా పుష్పమ్మ ఆయన్ని ఎలీనా దగ్గరికి తీసుకెళ్ళింది. ఎలీనా ఫిజియోథెరపిస్టు. ఒక చర్చి వెనక హాల్లో మంగళవారం, శుక్రవారం ఇలాంటివాళ్ళనే ఎనిమిది మందిని పోగేసి డాన్సు చేయిస్తుంది.

“నిలవడ్డ కాడ్నే నిలవడుతున్న. నాకేం డాన్సే?” అని ఆటోలో దారి పొడుగునా సణిగాడు భద్రయ్య. అనుకున్నట్టే హాలు గుమ్మం దగ్గర ఆగిపోయాడు కూడా.

“అంకుల్, మీ కాళ్ళల్లో బలం ఉంది. మెదడు చెప్పేది వాటికి అందట్లేదు. చెవి నుంచి చెప్పి చూద్దాం,” అంది ఎలీనా. “మీకు ఏ దరువంటే ఇష్టం?”

ఇదీ ఒక అడిగే మాటేనా! బోనాలప్పుడు డప్పుల ముందు భద్రయ్య వేసే తీన్మార్ చూడటానికి పద్మారావు నగర్ ఆడవాళ్ళు డాబాలెక్కేవాళ్ళు. ఎలీనా ఫోన్‌లో డప్పు మోగింది. భుజం దానంతటదే ఎగిరింది. భుజం వెనకే కాలు లేచింది. గుమ్మం దాటాడు. నమ్మకం కుదరక మళ్ళీ బయటికొచ్చాడు, మళ్ళీ లోపలికెళ్ళాడు. ఏడుసార్లు అదే పని. పుష్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు.

అక్కడే పరిచయమయ్యారు జకర్యాగారు. రాజమండ్రి వైపు నుంచి వచ్చి అల్వాల్‌లో స్థిరపడ్డ లెక్కల మాష్టారు. చర్చి సంఘంలో పెద్ద. చొక్కా మెడ దాకా గుండీలు పెట్టుకునే మనిషి. ఆయనకు ఎలీనా కీర్తన పెట్టింది. కాలు లేవలేదు. ఇంకో కీర్తన పెట్టింది. ఊహూఁ. నిదానంగా సాగే పాట, కాలేమో తొందరపెడితే తప్ప వినని రకం. చూసి చూసి భద్రయ్యకు ఒళ్ళు మండింది. ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని దాని మీద తీన్మార్ దరువేశాడు. మాష్టారి కుడికాలు టక్కున లేచింది.

“అయ్యో, అయ్యో, ఇదేంటండీ!” అని హడలిపోయారు మాష్టారు. హడలిపోతూనే హాలు అటు చివరిదాకా వెళ్ళిపోయారు.

ఆయన బాధ ఆయనది. సొంత మేనల్లుడి పెళ్ళిలో తీన్మార్ పెట్టించారని భోజనం చెయ్యకుండా లేచి వచ్చేసిన మనిషి. భార్య కాంతమణిగారు చర్చిలో పాటల బృందాన్ని నడిపిస్తారు, ఆవిడ ఇంకో రెండాకులు ఎక్కువే. అందుకని ఇంట్లో ‘ఫిజియోథెరపీ’ అని మాత్రం చెప్పారు. భద్రయ్య చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, “మా కాంతమణి చెవిన మాత్రం పడకూడదండీ భద్రయ్యగారూ. ఈ వయసులో తీన్మార్ అంటే ఆవిడ తట్టుకోలేదు,” అన్నారు. వణికే చేతులు నాలుగూ కలిసి అదో పెద్ద వణుకు. “మీ మీదొట్టు సారూ, చెప్ప,” అన్నాడు భద్రయ్య.

అక్కణ్ణుంచి పదినెలలు భద్రయ్యకు పండగే. డాన్సయ్యాక ఎనిమిది మందీ అల్లం చాయ్ తాగేవాళ్ళు, సగం కప్పులో సగం చొక్కాల మీద. ఎవరి మీద ఎక్కువ ఒలికితే వాళ్ళను మిగతావాళ్ళు ఏడిపించేవాళ్ళు. “భుజం తిప్పాలె సారూ, భుజం! లెక్కలు చెప్తున్నట్టు నిలవడకు!” అని భద్రయ్య అరిస్తే మాష్టారు చిన్నపిల్లాడిలా సిగ్గుపడి భుజం తిప్పేవారు. మంగళవారం కోసం భద్రయ్య సోమవారమే చొక్కా ఇస్త్రీ చేయించుకునేవాడు.

ఆ తర్వాత ఒక బుధవారం పొద్దున ఎలీనా ఫోన్ చేసింది. జకర్యాగారు గుండెపోటుతో ప్రభువునందు నిద్రించారట. సాయంత్రం నాలుక్కి భూస్థాపన.

“మనవాళ్ళందరం వస్తున్నాం అంకుల్. ఆఖర్న అందరూ తలా గుప్పెడు మట్టి వేస్తారు. మీరు తప్పకుండా రావాలి.”

“ఎట్లైనా వస్త బిడ్డా. సారుకు నేను మట్టి వెయ్యకుంటే ఎవరేస్తరు?” అన్నాడు భద్రయ్య.

భద్రయ్య, పుష్పమ్మల ఆటో వెళ్ళేసరికి శవపేటిక లోపలికి పోయింది. సమాధుల తోట పెద్ద గేటు మూసేసి, మనుషులకు పక్కన చిన్న గేటు వదిలారు. మనిషి పట్టేంత సందు, కింద అడ్డంగా ఇనుప పట్టీ. దాన్ని చూడగానే కాళ్ళు ఆగిపోయాయి.

లోపల కీర్తన ఎత్తుకున్నారు. భద్రయ్య మనసులోనే దరువు వేసుకోబోయాడు. కీర్తన తాళం దాని మీద పడి దాన్ని మింగేసింది. వెనక నుంచి ఇద్దరొచ్చి, “జరగండి పెద్దాయనా,” అని పక్కనుంచి దూరి వెళ్ళారు. ఒకాయన జాలిపడి చెయ్యి పట్టి లాగాడు. పాదాలు ఇంకా గట్టిగా నేలను పట్టుకున్నాయి.

“నేను చప్పట్లు గొట్టనా? రెండడుగులేస్తే లోపలుంటవ్,” అని గుసగుసగా అడిగింది పుష్పమ్మ.

“నోర్ముయ్యవే. సారుకు మాటిచ్చిన.”

“సారు పోయిండు గదయ్యా!”

“ఆమె ఉన్నది గద. మొగడు పోయిన దుఃఖంల ఉన్నది. గిప్పుడు తీన్మార్ ఏందని అడుగుతే ఏం జెప్తవ్?”

పుష్పమ్మ చేతులు కొంగులో చుట్టుకుంది. పాస్టరుగారి ప్రార్థన అయిపోయింది. పెట్టె మీద మొదటి మట్టి పడ్డ చప్పుడు గేటు దాకా వినపడింది. తర్వాత ఇంకోటి, ఇంకోటి. డాన్సు హాల్లోని ఆరుగురూ ఒకరొకరుగా వంగి మట్టి వేయడం కమ్మీల్లోంచి కనపడుతూనే ఉంది. పట్టుమని ముప్పై అడుగుల దూరం లేదు. “ఒక్కసారి, ఒక్కసారి నడువు, నీ కాల్మొక్త,” అని తన కాళ్ళను తనే బతిమాలుకున్నాడు భద్రయ్య. అవి వినలేదు. పారల చప్పుడు మొదలైంది, కాసేపటికి ఆగిపోయింది. జనం బయటికి రాసాగారు.

కనపడగానే ఎలీనా పరుగెత్తుకొచ్చి చప్పట్లకు చేతులెత్తింది. భద్రయ్య వద్దన్నట్టు తలాడించాడు, ఎందుకంటే ఆమె వెనకే తెల్లచీరలో కాంతమణిగారు వస్తున్నారు.

“మీరు భద్రయ్య అన్నయ్యగారు కదూ?” అందావిడ దగ్గరికొచ్చి. “ఎప్పుడూ మీ మాటే చెప్పేవారు. లోపలికి రాలేదేమండీ?”

భద్రయ్య ఇనుప పట్టీ వైపు చూశాడు. ఇక పుష్పమ్మ ఆగలేకపోయింది. “కాళ్ళు పడ్తలేవమ్మా. తీన్మార్ దరువేస్తెనే నడుస్తడు. మీ సారు సుత గంతే. అది మీకు తెల్వొద్దని సారు మాట తీస్కున్నడంట. గందుకే గిట్ల నిలవడ్డడు.”

కాంతమణిగారు గేటు కమ్మీ పట్టుకుంది.

“నాకు తెలుసండీ,” అంది. “రోజూ పొద్దున్నే వంటింటి గుమ్మం దగ్గర పాలగిన్నె మీద ఆ దరువే వాయించుకుని దాటేవారు. నేను ముందుగదిలో బైబిలు అడ్డం పెట్టుకుని వినేదాన్ని. నాకు తెలిసిందంటే సిగ్గుతో మానేస్తారేమోనని భయం. నిన్న పొద్దున గిన్నె అందక ఎంతసేపు నిలబడ్డారో! నేను లేచి వెళ్ళి రెండు దెబ్బలు వేస్తే సరిపోయేది. వెళ్ళలేదండీ. ఆయన పరువు కాపాడుతున్నాననుకుని కూర్చున్నాను.”

ఆవిడ కళ్ళు తుడుచుకుని చప్పట్లు మొదలుపెట్టింది. చెవి రోజూ విన్నా, చేతులకు వచ్చింది చర్చిలో పాటకు కొట్టే చప్పట్లే, ఒకే కొలతన, నిదానంగా. భద్రయ్య కాలు లేవలేదు.

“గట్ల గాదమ్మా,” అన్నాడు భద్రయ్య. “రెండు దగ్గర దగ్గర. మూడోది జెర ఆగి, గట్టిగ.” వణికే చేత్తో తన తొడ మీద కొట్టి చూపించాడు. ఆవిడ తప్పు కొట్టింది. ఆయన మళ్ళీ చూపించాడు. పుష్పమ్మ, ఎలీనా కూడా అందుకున్నారు.

భుజం కదిలింది. భుజం కదలందే కాలు రాదు, ఏం చేస్తాడు? సమాధుల మధ్య తీన్మార్ వేసుకుంటూ, చెంపలు తడిసిపోతుంటే, భద్రయ్య మాష్టారి దగ్గరికి నడిచాడు. పారలు కడుక్కుంటున్న ఇద్దరు పని ఆపి నోరు తెరుచుకుని చూశారు.

గొయ్యి ఎప్పుడో పూడిపోయింది. పైన పూలు కూడా పరిచేశారు. వంగలేని భద్రయ్య చేతిలో పుష్పమ్మ గుప్పెడు మట్టి తీసి పెట్టింది. వెయ్యడానికి ఆయన చెయ్యి చాచాడో లేదో, వణుకుకు మట్టంతా వేళ్ళ సందుల్లోంచి పూల మీదికి రాలిపోయింది.

వెనక ఎలీనా ఆపింది, పుష్పమ్మ ఆపింది. కాంతమణిగారు మాత్రం ఇప్పుడిప్పుడే కుదిరిన దరువును సమాధి వైపు చూస్తూ కొడుతూనే ఉంది.