నలభై ఒకటో రాయి

గిద్దలూరు దాటి నల్లమల వైపు పోయే రోడ్డు మీద పొద్దున్నే మొదట కనిపించేది రోజీ ఆటో. బడిపిల్లల్ని ఎక్కించుకోబోయే ముందు రోజీ సరోజమ్మ టీ బంకు కాడ ఆపి, "ఈ పొద్దు రాళ్లు యాడికి పోయినాయి పెద్దమ్మా?" అని అడిగేది.

కిలోమీటరు రాళ్ల సంగతి అది. ఆ రోడ్డు మీది రాళ్లు ఎండలు ముదిరితే నీడ పట్టుకు చేరతాయి, మబ్బు పడితే చెమ్మ ఉన్న దిక్కుకు జరుగుతాయి. రాయి ఎక్కడుంటే కిలోమీటరు అక్కడిదే. బస్సు కండక్టర్లు చార్జీ తీసుకునేది కూడా దాన్నిబట్టే.

"ముప్పై తొమ్మిది చింతచెట్టు కిందికి పోయింది. నలభై ఒకటి మాత్రం కదల్లా. అది మా ఆయన మాదిరి" అనేది సరోజమ్మ.

ఒక పొద్దున రోడ్ల ఆఫీసులో అసిస్టెంట్ ఇంజనీరు శివకుమారి టీ గ్లాసు పక్కకు జరిపి కాయితాలు ముందేసుకుంది. ఏడాది మరమ్మతుల ప్రతిపాదన మధ్యాహ్నానికల్లా పై ఆఫీసుకు చేరాలి. ఈసారి నిధులు ఒక్క పనికే అన్నారు. ఆ ఒక్కటి ఏదో ఆమెకు తెలుసు. వాగు మీది కల్వర్టు. మొన్న కిందికి దిగి చూసి వచ్చింది. తూము గొట్టాలు పగిలి, మట్టి కొట్టుకుపోయి, తారు కింద గదంత బోలు. పైన మాత్రం అద్దంలా నున్నగా ఉంది. రోజీ ఆటో పిల్లలతో రానూ పోనూ దాటేది ఆ నున్నటి తారు మీదనే.

పై అధికారి డీఈ వెంకటసుబ్బయ్య ఆమె తీసిన ఫోటోలు చూసి పక్కన పెట్టినాడు.

"పైన గుంత పడితే కదమ్మా జనం అరిచేది. నలభై ఒకటో రాయి కాడ కల్యాణమండపం ముందర కొత్త తారు పోయాల. మండపం ఓనరు ఇంట్లో పెండ్లి. పైనుంచి ఫోనొచ్చింది."

"సార్, గట్టి వాన పడితే కల్వర్టు నిలవదు. పిల్లోళ్ల ఆటో పోతుంది దాని మీద."

"వచ్చే ఏడు పెడదాంలే."

"అందాకా అది ఆగాల గదా సార్."

ఆయన కళ్లజోడు తీసినాడు. "ఇట్లనే మొండికేస్తే శ్రీకాకుళానికి సామాన్లు సర్దుకోవాల్సొస్తుంది. రాసెయ్ అమ్మా."

ఆమె రాసింది. పని ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మ్యాపు చూసి కొలతలు వేయబోతే ఆయనే అడ్డుపడినాడు. "అవన్నీ ఎందుకు? ఎండలో దిగి కొలిచేదెవరు? నలభై ఒకటో రాయి మొదలు వంద మీటర్లు అని పెట్టు. ఆ రాయి ఎప్పుడన్నా కదిలిందా?"

ఆమె అట్లనే పెట్టి పంపించింది. సాయంత్రం రోజీని ఆపి, "వాన పడితే కల్వర్టు మీద పోవద్దు" అని చెప్పింది.

"ఇంకో దోవ అడివిలో కదా మేడం! పులికి కూడా సీటియ్యాలనా?" రోజీ నవ్వుకుంటూ పోయింది.

మంజూరు వచ్చేసరికి కొండల మీద మబ్బులు కూర్చున్నాయి. పని మొదలయ్యే రోజు తెల్లారకముందే కుంభవృష్టి. డీఈ జీపూ జేసీబీ మండపం కాడికి వచ్చి చూస్తే రాయి లేదు. అది ఉన్నచోట గుంటలో నీళ్లు నిలిచి ఉన్నాయి.

"చెమ్మ వైపు పోయింటాది" అంది సరోజమ్మ, గ్లాసులు కడగడం ఆపకుండా.

వాగు కాడ దొరికింది. కల్వర్టుకు ఇవతల, తారు అంచునే నిలబడి ఉంది.

"ఎత్తి పాతచోట పెట్టండి" అన్నాడు డీఈ.

"మంజూరు కాయితంలో రాయి మొదలనే ఉంది సార్" అంది శివకుమారి. "మనమే మోసుకుపోయి పెడితే రేపు ఆడిట్‌కు ఏం చెప్తాం?"

ఆడిట్ మాటకు ఆయన జేసీబీ డ్రైవరుకు చెయ్యి ఊపినాడు. పాత తారు పెకలించడానికి జేసీబీ కల్వర్టు వైపు తిరిగింది.

అంతలో వెనకనుంచి హారను. రోజీ ఆటో. లోపల పిల్లలు ఒకరి మీద ఒకరు.

"పిల్లోళ్లకు పరీక్ష మేడం. దాటిపోతా, అర నిమిషం!"

"పోనీయమ్మా, తర్వాత తవ్వుకుందురు" అన్నాడు డీఈ.

శివకుమారి వెళ్లి రాయి పక్కన, రోడ్డుకు అడ్డంగా నిలబడింది. "పని మొదలైంది సార్. రాయి మొదలు దోవ బంద్."

"నీకు దండం పెడతా మేడం, ఆలస్యమైతే లోపలికి రానియ్యరు."

"పోనియ్యను. ఇంజను ఆపు రోజీ."

రోజీ పళ్లు కొరుకుతూ ఆపింది. జేసీబీ తొండం చాచి తారును ఊరికే తాకింది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా మెత్తగా కిందికి దిగిపోయింది. ఎర్రనీళ్లు పైకి లేచాయి.

జీపును వెనక్కి తియ్యమని డీఈ కేక వేసినాడు. రోజీ ఆటోలోకి వంగి ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలవడం మొదలుపెట్టింది.

"రేచల్."

"ఉన్నా అక్కా."

"బాలరాజూ."

"ఉన్నా."

అందరూ పలికినాక దిగి వచ్చి, తడిసిన రాయి నెత్తిన చెయ్యి పెట్టింది.

"నలభై ఒకటీ" అని పిలిచి, జవాబు కోసం కాసేపు ఆగింది.