మూడు మైళ్ల దారి

పని లేనివాళ్లకిచ్చే భత్యంలో ఎఫీ గిలీస్‌కి నెల డబ్బు కోసేశారు. ఆమె చేసిన నేరం ఉపాధి ఆఫీసుకి తొమ్మిది నిమిషాలు ఆలస్యంగా వెళ్లడం. ఆఫీసేమో సముద్రపు పాయకి అవతలి ఒడ్డున ఉంది. పాయ చుట్టూ తిరిగొచ్చే బస్సు పొద్దున ఒక్కటే, అదీ మధ్యలో దిగి ముప్పావు గంట కాచుకుని ఇంకోటి మారాలి. దాని నడక ఎలాంటిదంటే, ఎక్కేటప్పుడు చంకలో ఉన్న గొర్రెపిల్ల దిగేసరికి ఉన్ని కత్తిరింపుకొస్తుంది. ఛార్జీ మాత్రం పరిగెడుతుంది.

"మీ ఇంటికీ మా ఆఫీసుకీ మూడు మైళ్లేనండీ. కంప్యూటర్ చెబుతోంది," అన్నాడు అధికారి ట్రెవర్ హాలమ్.

"నీళ్ల మీంచి బాబూ అది!"

"కారణాలొద్దు. ముందే బయల్దేరాలి. ఇంత దగ్గరికి బస్సు ఛార్జీలు కూడా ఇవ్వం."

ఎఫీ ఇంటికెళ్లింది. నెలంతా ఓట్స్ జావ తాగుతూ ఆ మాటని మాత్రం చేపని ఉప్పులో ఊరేసినట్టు ఊరేసింది.

మరుసటి నెల ఆమె ఆఫీసుకి హాజరవ్వాల్సిన రోజునే కొండచరియ విరిగి రోడ్డు మూసుకుపోయింది. ఎఫీ తన పడవేసుకుని, తెడ్లేసుకుంటూ అందరికంటే ముందే ఆఫీసుకి చేరింది. ట్రెవర్ మొహం పాలిపోయి ఉంది. అతని పైఅధికారిణి మిసెస్ ప్రింగిల్ భత్యం కోతల తనిఖీకని రాత్రే ఎఫీ వాళ్ల ఊరొచ్చి, అక్కడ అతని కోసం కాచుకుని ఉంది.

"ఎఫీ గారూ, కాస్త అవతలికి దింపుతారా?"

"దానికేం, రా నాయనా. మూడు మైళ్లేగా."

పాయ నడిమధ్యకొచ్చాక ఎఫీ తెడ్లు లోపలికి లాగేసింది. వాన అడ్డంగా కొడుతోంది.

"ఆపారేం?"

"ఇక్కడ బస్సు మారాలి. తర్వాతది ముప్పావు గంటకి." ఆమె ఫ్లాస్కు మూత తీసి, జున్ను పెట్టిన రొట్టె కొరికింది.

"ఇక్కడ బస్సేంటండీ!"

"నేనూ అదే చెప్పాను బాబూ, పోయిన నెల. నీళ్ల మీంచి అని."

పోటు వెనక్కి మళ్లి, పడవ సముద్రం వైపు మెల్లగా జారుతోంది. నీళ్లలోంచి ఒక సీలు జంతువు తల పైకెత్తి ట్రెవర్ని చూసి, జాలిపడి మునిగిపోయింది. అతను బతిమాలాడు, బెదిరించాడు, చివరికి తుమ్మాడు. రొట్టె అయ్యాకే తెడ్లు మళ్లీ నీళ్లలో పడ్డాయి.

రేవులో మిసెస్ ప్రింగిల్ గొడుగు కింద నిలబడి గడియారం చూస్తోంది.

"కారణాలొద్దు హాలమ్. ముందే బయల్దేరాలి."

"మేడమ్, మ్యాపులో మూడు మైళ్లంటే నిజంగా మూడు మైళ్లు కాదు! ఈ దారిలో టైముకి ఎవరూ రాలేరు!"

"గట్టిగా చెప్పు నాయనా, గాలికి వినబడట్లేదు," అంది ఎఫీ.

అతను గట్టిగానే అరిచాడు. రేవంతా విన్నది.

"ఎవరూ రాలేకపోతే ఈవిడ డబ్బెందుకు కోశావ్?" అంది మిసెస్ ప్రింగిల్. "ఇవాళే తిరిగిచ్చెయ్. బస్సు ఛార్జీలతో సహా."

ట్రెవర్ తడిసిన తలూపి, ఎఫీ వైపు తిరిగాడు. "సాయంత్రం నన్ను వెనక్కి దింపుతారుగా?"

ఎఫీ పడవని ఒడ్డుమీదికి లాగి, రేవు గుంజకి రెండు ముళ్లేసి, మూడోది కూడా వేసింది.

"మూడు మైళ్లకి పడవెందుకు బాబూ? నడిచిపో."