గోడవార వరస

సమాధిరాతి అడుగుభాగాన్ని తడిపి, తోట కాపరి పీచుతో కిందినుండి పైకి రుద్దుకుంటూ వస్తున్నాడు. పైనుండి మొదలుపెడితే మురికినీరు పొడిరాతి మీద చారలు కట్టి దిగుతుంది. ఆ చారలు ఇక పోవు. ఈ సంగతి మామ చెప్పినది. నలభై నాలుగేళ్ల క్రితం, ఇల్లరికపు అల్లుడిగా గేటు పక్కనున్న ఒంటిగదిలోకి వచ్చిన మరునాడే ఆ ముసలాయన అతని చేతిలో పీచు పెట్టాడు. ఆ గదిలో నేటికీ రెండు మంచాలున్నాయి. ఒకదాని మీద అతడు పడుకుంటాడు. రెండవదాని మీద పందొమ్మిదేళ్లుగా తాళ్లు, గడ్డికత్తులు పడి ఉంటున్నాయి.

మనిషి పొట్టి. మోకాళ్ల మీద పనిచేసి చేసి, నిలుచున్నప్పుడు కూడా దేనినో వెతుకుతున్నట్లు ముందుకు వంగే ఉంటాడు. ఆనాటి ఉదయంనుండి ఎడమ దవడ సలుపుతున్నది. పంటినొప్పి అనుకొని ఉప్పునీళ్లు పుక్కిలించి పనిలోకి దిగాడు.

ఎనిమిది గంటలకు ఊరు కదలి వచ్చింది. పారలతో, బకెట్లతో, గొడుగులతో అరవైమంది వరకు ఉంటారు. రెండువందల ఏళ్ల సమాధుల తోటను కాపాడుకోవాలని ప్లీడరుగారి అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఆ రోజును శ్రమదానానికి, సాయంత్రం సభకు నిర్ణయించింది.

కాపరి బావమరిది సైకిలు దుకాణం మూసి మరీ వచ్చాడు. "ఏం బావా, ఊరంతా నీ ఇంటికి విందుకొచ్చినట్టుందే!"

"ఎప్పటికైనా రావాల్సినవాళ్లేలేరా. ఇవాళ నడిచొచ్చారు, అంతే తేడా."

దక్షిణపు గోడ అవతలి రోడ్డును పురపాలక సంఘం వెడల్పు చేయబోతున్నది. గోడవార వరసలో నలభై ఒక్క రాళ్లున్నాయి. ఒక్కదాని మీదా అక్షరం లేదు. అవి పేరు చెక్కించే ఖరీదు భరించలేనివారివి. ఎంతో వాదించిన మీదట అధికారులు ఒక షరతుకు ఒప్పుకొన్నారు. పేరు తెలిసిన సమాధిని కదపరు. తెలియనివాటిని తవ్వి, ఎముకలన్నింటినీ ఒకే గోతిలో పూడుస్తారు. జాబితా ఆ సాయంత్రం అయిదు గంటలకు, సభ ముగిసేలోగా, అధికారి చేతికి అందాలి.

ఆ పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. కాపరి నోట ఉన్నాయి.

వ్రాసుకొనే బాధ్యతను టీచరమ్మ తీసుకొన్నది. ప్రతి రాతి మీద సుద్దతో అంకె వేసి, అట్టకు కాగితం బిగించి నిలుచున్నది. "చెప్పండి పెద్దాయనా."

కాపరి మొదటి రాతి మీద అరచేయి ఆనించి కళ్లు మూసుకొన్నాడు. "రొట్టెలవాడి తల్లి." రెండవదాని మీద ఆనించాడు. "పడవలో పోయిన అన్న." మూడవది. "పడవలో పోయిన తమ్ముడు. కుంటి దర్జీ..."

"ఆగండాగండి. కుంటి దర్జీ అంటే పేరెలా అవుతుంది?"

"ఆ పేరుతో పిలిస్తే పలికేవాడమ్మా. అసలు పేరుతో పిలిస్తే ఎవర్నో అనుకునేవాడు."

టీచరమ్మ నవ్వి, వ్రాసుకొన్నది. "ఇన్నేళ్లూ ఎక్కడా రాయించలేదేం?"

"ఎవరూ అడగలేదమ్మా."

తొమ్మిదవ రాతి వద్ద వేదిక నుండి కేక వినిపించింది. కుర్చీలు చాలలేదు, గదిలోని బల్ల కావాలట, తాళం అతని దగ్గరే ఉన్నది. అతడు వెళ్లి, బల్ల మోసి, పావుగంటకు తిరిగివచ్చి, మళ్లీ మొదటి రాతి మీద చేయి ఆనించాడు.

"అవన్నీ రాసేశానుగా! పదోది చెప్పండి."

"మధ్యలోంచి రాదమ్మా. మామ ఇలాగే నేర్పాడు, ఎక్కాల్లాగా. మధ్యమెట్టు మీద కాలు పెట్టి నిచ్చెన ఎక్కలేం కదా."

"నాకూ నేర్పబోయాడు మా నాన్న," అన్నాడు బావమరిది. "ఆరో రాయి దగ్గరికొచ్చేసరికి గోడ దూకి పారిపోయేవాణ్ణి."

రెండవసారి పదహారు వరకు వచ్చాడు. అంతలో పాలరాతి మీద ఇనుము గీచుకుపోతున్న చప్పుడు వినిపించింది. ఎవరో ఉత్సాహవంతులు నూటయాభై ఏళ్ల నాటి శాసనాన్ని ఇనుపబ్రష్షుతో తోముతున్నారు. కాపరి పరుగెత్తాడు. అతడు పరుగెత్తడం ఊరు చూడడం అదే మొదలు. బ్రష్షు లాక్కొని, పీచు అందించి, ఎలా రుద్దాలో ఒక్కొక్కరి చేయి పట్టుకొని చూపి వచ్చేసరికి మూడు దాటింది. నుదుట చెమట ధారగా కారుతున్నది. భోజనం ముట్టలేదు.

మూడున్నరకు ఫొటో అన్నారు. ఫొటోలో అందరి చేతులకూ తొడుగులుండాలని ప్లీడరుగారు కొత్తవి పంచిపెట్టారు. కాపరికీ ఒక జత ఇచ్చారు.

"తొడుక్కోవయ్యా, సిగ్గెందుకు?"

"తొడుక్కుంటే రాయి తెలీదండీ," అని అతడు వాటిని చేతిలోనే పట్టుకొని, చివరి వరసలో ఎవరి భుజం వెనుకనో నిలుచున్నాడు.

నాలుగు గంటలు దాటింది. టీచరమ్మ గొంతు తగ్గించింది. "పెద్దాయనా, నా మాట వినండి. ముందు మీ ఆవిడ రాయేదో చూపించేయండి. ఒక్కటి రాసేసుకుంటాను. మిగిలినవి తర్వాత వరసగా కానిద్దాం."

 కాపరి చూపు గోడ వెంబడి కొంతదూరం పోయి, ఆగి, వెనక్కి వచ్చింది.

"వద్దమ్మా. దాని ముందున్నవాళ్లకి ఎవరూ లేరు. నేను దాన్ని ముందు లాగితే వాళ్లేమనుకుంటారు? దాని వంతు వచ్చినప్పుడు చెప్తాను."

మొదటి రాతి దగ్గర కూర్చొని లేచాడు. రొట్టెలవాడి తల్లి, పడవ అన్నదమ్ములు, కుంటి దర్జీ. ఒక్కొక్క రాతి వద్ద మోకాలు వంచడం, చేయి ఆనించడం, లేవడం. బావమరిది చంక కింద చేయి వేసి లేపుతున్నాడు. పందొమ్మిది, దీపాలవాడు. ఇరవై, దీపాలవాడి భార్య. ఇరవై ఒకటి, పేరు పెట్టకముందే పోయిన బిడ్డ. ఇరవై రెండు, నవ్వులమ్మ.

"ఎందుకు నవ్వులమ్మ?" అని అడిగింది టీచరమ్మ, అతనికి కాస్త విశ్రాంతి దొరుకుతుందని.

"ఏమో. మా మామ కూడా ఆమెని చూళ్లేదు." అతడు గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. "ఒక్క గుక్క ఊపిరి తీసుకుంటానమ్మా. చెప్పినవి పోవుగా?"

"పోవు. రాసేశాను."

"అదీ మంచిదే." అని గడ్డంమీది చెమటను మణికట్టుతో తుడుచుకొని, కళ్లు మూసుకొన్నాడు. ఎప్పటివలె వరసను మనసులో తిప్పుకొంటున్నాడని వారిద్దరూ ఎదురుచూశారు. పెదవులు కొంతసేపు కదిలాయి.

వేదిక మీద వందనసమర్పణ ముగిసేసరికి బావమరిది రెండవసారి భుజం తట్టి, మూడవసారి తట్టలేక, అక్కడే చతికిలబడిపోయాడు.

అధికారి మర్యాద తెలిసినవాడు. టోపీ తీసి, కొంతసేపు నిలుచుండి, తరువాతనే కాగితం అడిగాడు.

"మీ అక్కగారిది ఏ రాయో చెప్పండి," టీచరమ్మ బావమరిదిని బ్రతిమాలింది. "ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి."

అతడు ఇరవై మూడవ రాతినుండి నలభై ఒకటవ రాతి వరకు నడిచాడు. మళ్లీ వెనక్కి నడిచాడు. "ఆ రోజు వానండీ. ఈ పక్కనే. ఈ పక్కనే ఎక్కడో."

టీచరమ్మ ఇరవై రెండవ పేరు కింద గీత గీసి, కాగితాన్ని అధికారికి అందించింది. కాపరిని నలుగురు గదిలోకి మోసుకొనిపోయి, ఖాళీగా ఉన్న మంచం మీద పడుకోబెట్టారు.

జనం వెళ్లిపోయాక ఇరవై మూడవ రాతి మీద, అతడు కూర్చోబోతూ పెట్టిన చేతితొడుగుల జత అలాగే ఉండిపోయింది. ఆ రెంటినీ ఒకటిగా పట్టి ఉంచిన దుకాణపు దారాన్ని ఎవరూ తెంపలేదు.