గుల్నాజ్ కుర్చీ

ఆ చివరి ట మీద తెల్లరంగు పూసి ఏళ్ళవుతున్నా ఎండ పడితే చాలు కింది నుంచి తేలుతూనే ఉంది, ఈ బోర్డు మొదటిసారి ఎక్కించినప్పుడు పెయింటర్ బ్యాలే డాన్స్ కంపెనీ అని కాకుండా బ్యాలెట్ డాన్స్ కంపెనీ అని రాశాడు, దేవరయాంజాల్ ఊరివాళ్ళు గోడౌన్ల మధ్యకి ఎలక్షన్ ఆఫీసు వచ్చిందనుకుని ఓటరు కార్డులు పట్టుకుని వరసకట్టారు, ఆ సంగతి చెబుతూ గుల్నాజ్ మా వంటింటి గచ్చు మీద కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది, ఆపా నువ్వు తెలుగు టీచర్‌వు గదా, జర వచ్చి సాఫ్ చెయ్యరాదూ, నేను వచ్చి ఆ అక్షరం పలకదు, తీసేసి ముందుదానికి దీర్ఘం ఇవ్వండి అని చెప్పాను, తీసేయడమంటే పైన రంగు పూయడమే అనుకున్నారు, ఇవాళ నా చెల్లెలు లేదు, ఆ ట మాత్రం ఉంది, ఆటో దిగి బోర్డు కింద నిలబడి దుపట్టా సర్దుకుంటున్నాను, లోపల అందరూ కొత్త డైరెక్టర్ ఎన్నికకు నా ఓటు కోసం కూర్చున్నారు, అది అశ్రితకు వ్యతిరేకంగా వేయడానికే బడికి సెలవు పెట్టి వచ్చాను.

ఒకవైపు భాస్కర్ గారి టైల్స్ పెట్టెలు, ఇంకోవైపు చెక్క నేల, గోడ పొడుగునా అద్దం, అమ్మాయిలు పట్టుకుని కాళ్ళు ఎత్తే కడ్డీ, కాలు జారకుండా బూట్లకు రాసుకునే పొడి వాసన, ఆ వాసన గుల్నాజ్ సంచిలో ఇంకా ఉంది, నేను ఆ సంచి ఉతకలేదు, గుల్నాజ్, అశ్రిత ఒకే ఏడాది ఇక్కడ డాన్సర్లుగా చేరారు, కంపెనీ పెట్టిన మేడమ్ విదేశాల్లో ఆడి వచ్చిన మనిషి, తుంటి అరిగిపోయాక ఆట మాని డైరెక్టర్ కుర్చీలో కూర్చుంది, మా విద్యలో ఇంతే టీచర్ గారూ, ఆడినవాళ్ళే చివరికి నడపాలి, ఆడనివాళ్ళకు ఒంట్లో ఎక్కడ నొప్పి ఉందో కనబడదు అనేది, నా తర్వాత మీ చెల్లెలే అని నా ముందే అంది, మేడమ్ ఇప్పుడు మంచం మీద ఉంది, ఆ కుర్చీ ఖాళీ, నొప్పి తెలిసినవాళ్ళట, అశ్రితకు నొప్పి తెలియదా, బాగా తెలుసు, తెలిసే గుల్నాజ్‌ను చెయ్యమంది.

రాండ్రి టీచరమ్మా, మీ కోసమే ఆగినం అన్నారు భాస్కర్ గారు, ఈ గోడౌన్ ఆయనది, సొసైటీకి అధ్యక్షుడూ ఆయనే, పేరు తప్పు రాసినమని అప్పుడు మీరు దిద్దిన్రు గని, ఇయ్యాల సూడుండ్రి, నిజంగనే బ్యాలెట్ అయింది, అని తనే ముందు నవ్వారు, పక్కన దేవేందర్ కూడా నవ్వాడు, ఇతను కంపెనీ లెక్కలు, బుకింగులు చూస్తాడు, జీవితంలో ఒక్కనాడు కాలు కదపలేదు, అయినా డైరెక్టర్ పోస్టుకు నిలబడ్డాడు, ఎదురుగా అశ్రిత, జుట్టు గట్టిగా ముడివేసుకుని, కాలివేళ్ళకు చుట్టిన పట్టీలు విప్పకుండానే వచ్చి కూర్చుంది, నన్ను చూసి లేవబోయింది, సలామ్ ఆపా అంది, నేను తల ఊపాను, ఎవరు పలకరించినా తల ఊపడం నాకు అలవాటు, నాకు ఈ సభ్యత్వం గుల్నాజ్ ఇచ్చిందే, సొసైటీ రిజిస్టర్ చేసేటప్పుడు మనుషులు తక్కువయ్యారని నా పేరు వేయించింది, ఏం జెయ్యాలె నేను అంటే, ఏం లేదు ఆపా, ఎప్పుడన్న చెయ్యెత్తాలె అంతే అంది.

అశ్రిత ఫోన్ చేసిన రోజు నేను రొట్టెలు చేస్తున్నాను, గుల్నాజ్ ఫోన్ స్పీకర్‌లో పెట్టి చీలమండకు ఐసు అద్దుకుంటోంది, ఎముకలో సన్నని చీలిక ఉందని డాక్టర్ చెప్పి వారం కాలేదు, అశ్రిత గొంతు వంటిల్లంతా వినిపించింది, రెండు షోలే గదా గుల్నాజ్, గట్టిగ కట్టు కట్టుకొని చెయ్, నువ్వు లేకుంటే టికెట్లు వాపస్ ఇయ్యాలె, మేడమ్ పరువు పోతది, గుల్నాజ్ నా వైపు చూసింది, నేను వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను, అది నా మాట ఎప్పుడు విన్నది గనక, రెండో షోలో పైకి ఎగిరి దిగినప్పుడు ఆ ఎముక విరిగింది, ఆపరేషన్ బాగానే జరిగింది, ఇంటికొచ్చింది, మంచం మీద కూర్చుని చేతివేళ్ళతోనే దుప్పటి మీద ఆట ఆడింది, ఒక పొద్దున చాయ్ అడిగింది, నేను తెచ్చేలోపు ఆయాసపడింది, కాల్లో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి పోయిందన్నారు, ఇట్ల ఒక్కొక్కరికి అయితదమ్మా, ఎవరి తప్పు గాదు అన్నాడు డాక్టర్, ఎవరి తప్పూ కాదు, ఎంత శుభ్రమైన వాక్యం, కర్త లేని వాక్యం, ఇటువంటివి పిల్లలు రాస్తే ఎర్రసిరాతో చుట్టి ఎవరు అని రాసేదాన్ని, గుల్నాజ్ పోయిన నాలుగోరోజు అశ్రిత మా ఇంటికొచ్చింది, ఆడవాళ్ళందరి మధ్యలో నా చేతులు పట్టుకుని ఏడ్చింది, నేను చెయ్యమనలే ఆపా, అదే జిద్దు జేసింది, వద్దన్నా వినలే అంది, చుట్టూ ఉన్నవాళ్ళు పాపం పాపం అని ఆమె వీపు నిమిరారు, నేనూ నిమిరాను, అప్పటి నుంచి ఇవాళ్టి కోసమే ఉన్నాను, ఏ కంపెనీ కోసం నా చెల్లెలి కాలు వాడుకుందో ఆ కంపెనీ కుర్చీ ఆమెకు దక్కకూడదు, దేవేందర్ గెలిస్తే గెలవనీ, శని, ఆదివారాలు దీన్ని ఫంక్షన్ హాలు చేస్తాడట, చెయ్యనీ, ఈ అద్దం ముందు బిర్యానీ ప్లేట్లు పేర్చనీ, నాకేమిటి.

చేతులెత్తారు, ఇద్దరికీ సమానంగా వచ్చాయి, ఇగ టీచరమ్మదే ఫైసల అన్నారు భాస్కర్ గారు, నా కుడిచెయ్యి ఒళ్ళో బరువుగా ఉంది, అంతలో దేవేందర్ గొంతు సవరించుకున్నాడు, ఒక్క మాట, మేడమ్ పెట్టిన రూలు యాదికున్నదా అశ్రితా, డైరెక్టరైనోళ్ళు స్టేజి ఎక్కొద్దు, ఇష్టమొచ్చిన వేషం తమకే రాసుకుంటరని ఆమె గా రూలు పెట్టింది, రేపు నేనాడుతనంటే నడవది మల్ల, తెలుసు అంది అశ్రిత, ఒప్పుకుంటవా, ఒప్పుకుంట, ఇంకా పదేండ్లు ఆడేదానివి గదనే పిచ్చిపిల్ల అన్నారు భాస్కర్ గారు జాలిగా, నాకు ముప్పై ఒకటే అంకుల్, ఆడొచ్చు, గని ఇది ప్లేట్ల పాలైతే ఏడ ఆడాలె అంది, గొంతు ఎక్కడో జారింది, ఆ జారడం నాకు తెలుసు, అది ఎక్కడ విన్నాను, నా నోట్లోనే విన్నాను, మా పెద్దసారు రిటైరైన నాడు, సీనియర్ మీరే గనక ఇన్‌చార్జి హెడ్మాస్టర్ మీరే మేడమ్ అంటే సరే అన్నప్పుడు, అందరూ అభినందించారు, శాలువా కప్పారు, ఇప్పుడు నేను మధ్యాహ్న భోజనం కోడిగుడ్లు, బాత్రూం తలుపులు, ఆన్‌లైన్ హాజరు చూస్తాను, పక్కగదిలో కొత్తగా వచ్చిన సారు పద్యం చదివిస్తుంటాడు, విరగాల్సిన చోట విరవకుండా పరుగెత్తిస్తాడు, నా పెదాలు లోలోపల కదులుతాయి, లేచి వెళ్ళబోతే ఎవరో ఒకరు కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడతారు, చేతకాకపోతే బాధ ఉండదు, చేతనై ఊరకే కూర్చోవాలి, గోడకవతల ఇంకొకరు చెడగొడుతుంటే వింటూ కూర్చోవాలి, అది నేను ఎవరికీ చెప్పుకోలేదు, చెబితే గొప్పలంటారు.

మరి ఓడిస్తే ఈ పిల్లకు ఏం పోతుంది, ఇంకో ఊళ్ళో ఇంకో కంపెనీ, చప్పట్లు, పూలు, పదేళ్ళు గాలిలోకి ఎగురుతుంది, నా గుల్నాజ్ ఎగరాల్సిన గాలిలో, గెలిపిస్తేనో, రేపటి నుంచి ఆ కాళ్ళకు పని లేదు, ఈ ఆలోచన ఎంత చల్లగా ఉంది, ఎండలోంచి వచ్చి కుండ నీళ్ళు తాగినట్టు ఉంది, నా ఒళ్ళో బరువు పోయింది, అశ్రితకు అంటూ చెయ్యెత్తాను, భాస్కర్ గారు బల్ల చరిచారు, దేవేందర్ మూతి ముడిచాడు, చెయ్యి ఇంకా దించలేదు నేను, ఎవరో దించండి టీచర్ అంటే దించాను.

అశ్రిత వచ్చి నా కుర్చీ పక్కన గొంతుక్కూర్చుంది, మెల్లగా అంది, ఆపా, గా దినం గుల్నాజ్‌ను నేనే చెయ్యమన్న, మీరు ఫోన్ల విన్నరని నాకెరుకనే, మీ ఇంట్ల అందరి ముందట అబద్ధమాడిన, ఇయ్యాల మీరు నన్ను ఓడగొడ్తరనుకొనే వచ్చిన, మీరు చెయ్యెత్తిన్రు, మీ అంత దిల్ నాకు లేదాపా, మాఫ్ చెయ్యుండ్రి, ఈ వాక్యం కోసం నేను ఎన్ని రాత్రులు కాచుకున్నాను, కర్తతో సహా వచ్చింది, నేనే అని వచ్చింది, వస్తే గుండె పగిలిపోతుందనుకున్నాను, ఏమీ పగల్లేదు, గుల్నాజ్ చాయ్ అడిగిన గొంతు మాత్రం ఒకసారి వినిపించి పోయింది, అవతల అమ్మాయిలు పాట పెట్టారు, చెక్క మీద అడుగుల చప్పుడు మొదలైంది, అశ్రిత చటుక్కున లేచింది, ఏడికి పోతవమ్మా డైరెక్టరమ్మ, కూసో, ముందుగాల కరెంటు మీటరు సంగతి తేల్చు అన్నారు భాస్కర్ గారు, కూర్చుంది, మేడమ్ కుర్చీలో, బల్ల కింద ఆమె పాదాలు మడమలు లేపి వేళ్ళ మీద నిలుస్తున్నాయి, దిగుతున్నాయి, మళ్ళీ లేస్తున్నాయి, ఆమెకు తెలియదు, నేను చూస్తున్నాను, కడుపునిండా చూస్తున్నాను, ఆమె తలెత్తి, అడిగిన మాఫీకి జవాబు కోసం నా వైపు చూసింది, మంచిగ నడుపు బేటా అన్నాను, కళ్ళు తుడుచుకుంది, నా చెయ్యి ఎందుకు లేచిందో ఈమెకు ఎన్నటికీ చెప్పను, నన్ను మంచిదాన్ని అనుకుంటూనే ఈ పిల్ల ఆ కుర్చీలో ముసలిదవుతుంది.