నాలుక కింద మాటలు

విశ్వనాథ్ మాస్టారు రోజూ పొద్దున్నే పెరట్లో నిలబడి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తాడు. ఆ తర్వాత భార్య దుర్గాంబ చల్లార్చిన టీ ఇస్తుంది. బరంపురంలో ముప్ఫై ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పిన మనిషి, ఏడాదిగా మెత్తటి అన్నం, పలచటి చారు తప్ప ఏదీ నమలలేకపోతున్నాడు. నాలుక కింద మాటలు చేరాయి.

కాగితం మీద మాటలు కొట్టేసేవాళ్ళకి అది వచ్చేదే. డాక్టరు టార్చి వేసి చూసి, చింతగింజలంతేసి పన్నెండున్నాయని చెప్పి, వేడివి తాగొద్దన్నాడు. ఇంకా కొట్టేస్తున్నారా అని మాత్రం అడిగాడు.

ఆ పని తెచ్చినవాడు మనీష్. ఊళ్ళో ఒక నాయకుడి ఆఫీసులో ఉంటాడు. నాయకుడు ఒడియాలో మాట్లాడితే సముద్రం ఒడ్డున ఉన్న తెలుగు జాలర్లకి సగం కూడా ఎక్కడం లేదనీ, వాళ్ళకోసం 'సులువు తెలుగు' అని మూడొందల మాటల పుస్తకం వేస్తున్నామనీ చెప్పాడు. సభల్లో నాయకుడు అన్నదాన్ని మాస్టారు ఆ మాటల్లోనే తెలుగు చేసి చెప్పాలి. జనం ఏం చెప్పినా ఆ మాటల్లోనే రాసుకోవాలి. పిల్లల్లేక బడిలో తెలుగు తరగతి ఎత్తేశాక తన చదువు ఎవరికీ అక్కర్లేదని కుమిలిపోతున్న మాస్టారికి, గుమ్మంలోకొచ్చిన ఆ పిలుపు సన్మానంలా తోచింది.

మనీష్ తెచ్చిన జాబితాలో మొదట 'బలవంతం' కొట్టేసి 'తొందర' అని రాశాడు. 'నష్టం' తీసి 'మార్పు' పెట్టాడు. 'హక్కు' పోయి 'కోరిక' వచ్చింది. కొట్టేసిన ప్రతి మాటా మర్నాటికల్లా నాలుక కిందకి చేరేది. పదమూడోది 'వద్దు'. అక్కడ ఆయన కలం ఆగింది.

"ఇది పసిపిల్లలకి కూడా తెలుసు కదా మనీష్. ఇందులో కష్టం ఏటి?"

"పలికేవాళ్ళకి కాదు సార్. వినేవాళ్ళకి కష్టం," అన్నాడు మనీష్. దాని బదులు 'తర్వాత' అని రాయించాడు.

ఆ వారమే ఆర్యపల్లిలో సభ. చేపలెండేసే ఇసక మీద, వెనక ఉన్న యాభై ఇళ్ళ మీద కొత్త రేవు కట్టాలని నాయకుడి ఆలోచన. ఇళ్ళు పడగొడతామని ఆయన ఒడియాలో అన్నది, మీ ఇళ్ళకి మార్పు వస్తుందని మాస్టారి నోట వచ్చింది. ఎండుచేపలు అమ్మే కాసమ్మ లేచింది. అరవై దాటిన మనిషి. మాకు రేవొద్దు, మేం ఇక్కణ్ణించి లెగం, అంది. మాస్టారు మనీష్ వైపు చూశాడు. మనీష్ పుస్తకం వైపు చూశాడు. కాగితం మీద 'మాకు రేవు తర్వాత, మేం తర్వాత లేస్తాం' అని పడింది. అందరూ వేలిముద్రలు వేశారు. చదివి వినిపించమని ఎవరూ అడగలేదు. రాసింది బడిపంతులు కదా.

నాలుగు నెలలకి నోటీసొచ్చింది. లేస్తామని మీరన్న 'తర్వాత' వచ్చే సోమవారం అని అందులో ఉంది. ఇసక మీద రెండు పొక్లెయిన్లు తెచ్చి నిలబెట్టారు. అప్పణ్ణించి ఆర్యపల్లి ఆడవాళ్ళు బరంపురం బజారులో మాస్టారు కనబడితే తట్ట మీద గోనె కప్పేసేవారు. ఒకామె ఆయన చెప్పుల మీద ఉమ్మింది. ఆయన తుడుచుకుని ఇంటికొచ్చేశాడు.

గురువారం మధ్యాహ్నం కాసమ్మ బస్సెక్కి మాస్టారింటికే వచ్చింది. దుర్గాంబ పీట వేస్తే కూచోలేదు. మంచినీళ్ళిస్తే ముట్టలేదు.

"ఆయాల నానేటన్నానో సదువు బాబూ," అంది.

మాస్టారు నకలు తెచ్చి చదివాడు. ఆమె మళ్ళీ చదివించుకుంది.

"ఇది నా మాట కాదు. నా మాటేడెట్టినావు?"

ఆయన దించిన తల ఎత్తకుండానే నోరు తెరిచాడు. కాసమ్మ గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుగుకేసి తిప్పింది. చేప నోట్లోంచి గాలం ఊడదీసిన చేతులవి. వేలు పెట్టి వెతికి, ఒకదాన్ని పట్టి, మెలిపెట్టి లాగింది. నెత్తురొచ్చింది. మిగతావి కూడా తీసి పుణ్యం కట్టుకోమని మాస్టారు చేతులు పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

"అయ్యి నాయి కావు. ఎవులియి ఆలే వొచ్చి అట్టుకెల్తారు."

తన మాటని కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

శనివారం ఆర్యపల్లికి విచారణకని ఆఫీసరొచ్చాడు. కాసమ్మ ముడి విప్పి ఆ గింజని తన వేలిముద్ర పక్కన పెట్టింది. అది సిరాలా నల్లగా కాగితంలో ఇంకి 'వద్దు' అని నిలిచింది. ఆఫీసరు గోటితో గీకాడు, రబ్బరుతో రుద్దాడు, పోలేదు. ఈ మాట ఎవరిదని అడిగితే యాభై ఇళ్ళవాళ్ళూ తమదేనన్నారు. ఆయన ఫైలు వెనక్కి పంపేశాడు. సోమవారం పొద్దున్న పొక్లెయిన్లని లారీలెక్కించి తీసుకుపోయారు.

మాస్టారి నాలుక కింద పుండు మానింది. కానీ ఆ మాట ఆయన నోట మరి రాలేదు. అన్నం ఎక్కువ వడ్డిస్తే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. దుర్గాంబకి అర్థమయ్యేది.

నెల తిరక్కుండా మనీష్ మళ్ళీ వచ్చాడు. ఆర్యపల్లి పోతే పోయింది, ఈసారి రంభ ఊళ్ళో, చిలకా సరస్సు ఒడ్డున పడవలవాళ్ళు, అన్నాడు. కొట్టేయాల్సిన మాటల జాబితా బల్ల మీద పెట్టాడు. మాస్టారు తల అడ్డంగా ఊపాడు.

"నోటితో చెప్పండి సార్. తలూపడాలు మన పుస్తకంలో లేవు."

మాస్టారు నోరు తెరిచాడు. నాలుకతో వెతుక్కున్నాడు. బలవంతం ఉంది, నష్టం ఉంది, హక్కు ఉంది. కావలసిన ఒక్కటీ లేదు. చివరికి, "తర్వాత," అన్నాడు.

మనీష్ నవ్వి, శుక్రవారం అయితే సరిపోతుందని డైరీలో రాసుకోబోయాడు.

అప్పటిదాకా వంటింటి గుమ్మంలో నిలబడిన దుర్గాంబ వచ్చి, జాబితా తీసి నాలుగు మడతలు పెట్టి అతని జేబులో పెట్టింది.

"వద్దు బాబూ," అంది.

ఇంకో పంతుల్ని చూసుకుంటాములే అని మనీష్ బండెక్కి పోయాడు. మాస్టారు కళ్ళనిండా నీళ్ళతో భార్య చెయ్యి అందుకోబోయాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మీకోసం అనలేదు. నేను రేపు ఆర్యపల్లి ఆడవాళ్ళ ముందునించే బజారుకెళ్ళాలి."

మనీష్ ముట్టని టీ గ్లాసు పట్టుకెళ్ళి దుర్గాంబ తూములో పారబోసింది.