ఒబ్దూలియా ఏమంది?

"అబద్ధాలకోరులు! ఒక్కరు కాదు, ఇందులో చెయ్యి ఉన్న ప్రతివాళ్లూ!"

అంటూనే ఎవేలియో తన కత్తిని నేలకేసి కొట్టాడు. ఫ్యాక్టరీలో చుట్టలు చుట్టే ఆ హాల్లో అంతకు మించిన తిట్టు లేదు. ఆకు కోసే అర్ధచంద్రం లాంటి ఆ కత్తి రేకే వాళ్ల పనిముట్టు, వాళ్ల నోరు కూడా. చదివింది నచ్చితే దాంతో బల్ల మీద టకటకమని కొడతారు. నచ్చకపోతే నేల మీద పడేస్తారు. ఆ సోమవారం పొద్దున ఇంకా పేపరు చదవడం కూడా మొదలవలేదు. నూట పదిమంది తలలెత్తి చూశారు.

"నా పెళ్లానికి అబద్ధం చెప్పారు. అదీ నా నోటితో చెప్పించారు. ఎవరిచ్చారు మీకా హక్కు? సొరాయిదా, నిన్నే అడిగేది. ఆ పుస్తకంలో బెర్తా బతికిందా, చచ్చిందా?"

ఎత్తు పీట మీద మైకు ముందు కూర్చున్న సొరాయిదా విప్పబోతున్న పేపరు మళ్లీ మడిచింది. పంతొమ్మిదేళ్లుగా చదవడమే ఆమె పని. పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల. వాళ్ల చేతులు చుట్టలు చుడుతుంటే చెవులు ఆమెకు అప్పజెప్పేవాళ్లు. ఓటేసి పెట్టుకున్న చదువరి ఆమె. ఇన్నేళ్లలో ఆమె ముందు నేల మీద పడ్డ మొదటి కత్తి అదే.

జరిగింది ఇదీ.

మూడేళ్లపాటు శనివారం శనివారం టీవీలో 'ఎనిమిదో తీరం' అనే సీరియల్ వచ్చింది. మునిగిపోయిన భూమిని వదిలి, మరో నేల వెతుక్కుంటూ పోయే ఒక నౌక కథ. ఆ గంటసేపూ వాళ్ల ఊరు కబాయిగ్వాన్ వీధుల్లో కుక్కలు తప్ప ఎవరూ ఉండేవాళ్లు కాదు. సీరియల్ అయిపోయాక దాన్నే నవలగా రాసి అచ్చేశారు. పుస్తకం ఊరి లైబ్రరీకి వచ్చిన వారంలోనే హాల్లో ఓటింగ్ పెట్టారు, నెగ్గింది. మొదటి అధ్యాయంతోనే గొడవ కూడా మొదలైంది.

"కెప్టెన్‌కి బట్టతలంట! టీవీలో వాడి నల్లజుట్టు చూసి మా చెల్లెలు మూడేళ్లు నిద్రపోలేదు. వీడు బట్టతల అని రాశాడు. ఈ రాసినోడి ఇంట్లో టీవీ ఉందా లేదా?" అని పెర్ఫెక్టో గోల. ఏ నవల చదవాలో చూసే కమిటీకి అతనే పెద్ద. ఒళ్లు పెద్దది, గొంతు ఇంకా పెద్దది. సీరియల్‌లో లేని మాట నవలలో ఒక్కటి వచ్చినా ఊరుకునేవాడు కాదు.

అతనికి సరైన జవాబు హాల్లో దొరికేది కాదు. మర్నాడు పొద్దున ఎవేలియో పట్టుకొచ్చేవాడు.

ఒబ్దూలియా అతని భార్య. ముప్పై నాలుగేళ్లు అతని పక్క బల్ల మీదే చుట్టలు చుట్టింది. ఫిబ్రవరి నుంచి మంచం మీద ఉంది. ఇల్లు ఫ్యాక్టరీ వెనక రెండో వీధి. సాయంత్రం ఎవేలియో ఆ మంచం అంచున కూర్చుని, ఆ రోజు చదివిందంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. మర్నాడు అతను గడప దాటేలోపే అందరూ ఒకటే అడిగేవాళ్లు, "ఒబ్దూలియా ఏమంది?"

"బట్టతలైతే ఏందంట," అని చెప్పాడు ఎవేలియో రెండో రోజు. "ఈ బట్టతలోడు పెళ్లానికి ఉత్తరం రాస్తున్నాడు. టీవీలో జుట్టున్నోడు ఒక్కసారన్నా రాశాడా, పెర్ఫెక్టోని అడుగు అంది."

హాలంతా టకటకలు.

ఇంకోసారి పెర్ఫెక్టో తిండి దగ్గర పట్టుకున్నాడు. సీరియల్‌లో నౌకలో వాళ్లు మాత్రలు మింగుతారు. నవలలో సూపు కోసం గిన్నెలు పట్టుకుని వరుసలో నిలబడతారు. "ఆకాశంలోకి పోయి కూడా క్యూలోనేనా! దీన్ని సైన్సు అంటారా?"

"మాత్రలు మింగేవాళ్ల కథ నాకెందుకు అంది," అన్నాడు ఎవేలియో. "క్యూలో నిలబడి, ముందున్నోడి మెడ మీద కురుపు చూసి జాలిపడినోడు ఈ రచయిత. టీవీలో రాసినోడికి సూపు ఇంటికొచ్చి ఉంటుంది అంది."

ఆ రోజు పెర్ఫెక్టో కూడా బల్ల మీద కొట్టాడు. గట్టిగా కాదు, రెండుసార్లు.

నాలుగు వారాలు అలా నడిచింది. పుస్తకం కంటే ఒబ్దూలియా మాట కోసమే వచ్చినట్టు ఉండేవాళ్లు జనం. ఈలోగా శాంతా క్లారా ఆసుపత్రిలో డాక్టరు ఎవేలియోను వరండాలోకి పిలిచి చెప్పాల్సింది చెప్పాడు. హాల్లో అందరికీ తెలిసింది. తెలియకూడదని దాచింది ఒక్క ఒబ్దూలియా దగ్గరే. మనిషి మంచం పట్టగానే చెవులు కూడా పోయాయనుకుంటారు చుట్టూ ఉన్నవాళ్లు.

మర్నాడు చదవాల్సింది ముందురోజే ఇంట్లో చూసుకోవడం సొరాయిదాకు అలవాటు. ఆ గురువారం సాయంత్రం పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా ఆఖరి అధ్యాయం మొదలయ్యే రెండు వందల ముప్పై ఒకటో పేజీ తిప్పింది. అన్నం మాడింది.

బెర్తా ఆ నౌకలో ముసలి నర్సు యంత్రం. రోగులకు మందులిస్తుంది, పిల్లలకు కథలు చెబుతుంది. కాలు ఈడుస్తూ నడుస్తుంది. సీరియల్‌లో ఆమె బ్యాటరీ ఆరిపోయే ఆఖరి నిమిషంలో పక్క నౌక కొత్తది తెచ్చి పెడుతుంది. ఆ శనివారం ఊరు ఊరంతా ఏడ్చి నవ్వింది. నవలలో ఎవరూ రారు. ఎన్ని రోజులు మిగిలాయో బెర్తా అడుగుతుంది, కెప్టెన్ చెబుతాడు. ఆమె ఆ రోజులన్నీ నిలబడే ఎవరికి ఏ మందు ఎంత, ఏ పిల్లాడికి చీకటంటే భయం అన్నీ గోడ మీద రాస్తుంది. రాయడం అయ్యాక ఆగిపోతుంది.

సొరాయిదా పుస్తకం పట్టుకుని పెర్ఫెక్టో ఇంటికి పరుగెత్తింది. కమిటీలో మిగతా ఇద్దర్నీ పిలిచారు. "ఇది ఎవేలియో ఇంటికి పోయి ఎట్లా చెబుతాడు?" అన్నారు. ముగింపు మార్చడానికి నలుగురూ చేతులెత్తారు. ఆ రాత్రే సొరాయిదా సీరియల్ ముగింపును నాలుగు కాగితాల మీద తన చేత్తో రాసి, పుస్తకం మధ్యలో పెట్టుకుంది. శుక్రవారం చదివింది. బెర్తా బతికింది. అయిదు నిమిషాలు కత్తులు ఆగలేదు. పెర్ఫెక్టో కళ్లు తుడుచుకుని, "ఇప్పటికి దారికొచ్చాడు రచయిత!" అని అరిచాడు. తమది మంచిపనే అని అప్పటికి నలుగురూ నమ్మారు.

ఇప్పుడు ఎవేలియో కత్తి నేల మీద ఉంది.

"చచ్చిపోయిందన్నా," అంది సొరాయిదా. మైకు ఆపడం మరిచిపోయింది. ఆ మాట హాలు నాలుగు మూలలా వినబడింది. "పుస్తకంలో బెర్తా చచ్చిపోయింది. శుక్రవారం చదివింది నేను రాసింది."

ఒక కత్తి పడింది. తర్వాత ఇంకోటి. వరుసగా పడుతూనే ఉన్నాయి. పెర్ఫెక్టో లేచి, "ఆమెనొక్కదాన్నే అనొద్దు. నేనూ చెయ్యెత్తాను," అని తన కత్తి తనే పడేశాడు.

"అన్నా, అక్కకెట్లా తెలిసింది?" అని అడిగింది సొరాయిదా.

"శుక్రవారం రాత్రి చెప్పాను. ఏమీ అనలా. శనివారం అనలా. నాకు భయమేసింది. నిన్న భోజనాలప్పుడు అడిగింది, నేను చెప్పింది చెప్పినట్టే మళ్లీ చెప్పమని. 'కెప్టెన్ నల్లజుట్టు వెనక్కి తోసుకుని బెర్తా చెయ్యి పట్టుకున్నాడు' అన్నాను. నవ్వింది. 'నాలుగు వారాలు బట్టతలతో తిరిగినోడికి శుక్రవారం మధ్యాహ్నం జుట్టు మొలిచిందా?' అంది." ఎవేలియో హాలంతా ఒకసారి కలయజూశాడు. "'ఆ రచయిత ప్రతి పేజీలో సీరియల్‌తో తగువాడినోడు. ఆఖర్న పోయి దాని కాళ్ల మీద పడడు. ఇది సొరాయిదా రాత. ఆ పిల్లకి ఆ హీరో అంటే ఇష్టం' అంది. ఇంతమంది ఉన్నారే, ఒక్కళ్లకి తట్టిందా?"

ఆ జుట్టు సంగతి ఎవరికీ తట్టలేదు. తప్పులు వెతికే పెర్ఫెక్టోకి కూడా.

"అసలు పేజీలు ముందు ఆవిడ వినాలి. తర్వాతే మనం," అన్నాడు ఎవేలియో. వంగి కత్తి తీసుకుని, తుడుచుకుని, ఆకు ముందు కూర్చున్నాడు. ఆ రోజు పేపరుకి ఎవరూ బల్ల కొట్టలేదు.

నాలుగింటికి సొరాయిదా ఆ ఇంటికి వెళ్లింది. చేతిలో పుస్తకం ఒక్కటే. కాగితాలు తేలేదు.

ఒబ్దూలియా దిండ్లకు ఆనుకుని కూర్చుంది. చేతులు పుల్లల్లా అయిపోయాయి. పక్కన కుర్చీ మీద నీళ్ల గ్లాసు, దాని పక్కన ఆమె కత్తి.

"రామ్మా రా. నవలలు రాస్తున్నావంటగా."

"అక్కా, తిట్టు. తిట్టించుకోడానికే వచ్చాను."

"తిట్టడానికి ఊపిరి కావాలి, దాచుకుంటున్నా. నీ రాత బాగానే ఉందిలే, పిల్లా. అబద్ధమే బాలేదు. కూర్చో. ఎన్నో పేజీ?"

"రెండు వందల ముప్పై ఒకటి."

"మొదలెట్టు. గొంతు తగ్గించి చదివావో, కత్తి కింద పడేస్తా."

సొరాయిదా చదివింది. హాల్లో చదివినట్టే, ఎక్కడా ఆపకుండా. కెప్టెన్ రోజులు ఎన్నో చెప్పే చోట ఆమె కళ్లు మసకబారాయి. అక్షరాలు కనబడక ఒక వాక్యం దాటేసింది.

"వెనక్కి పో," అంది ఒబ్దూలియా కళ్లు మూసుకునే. "ఏదో మింగావు."

వెనక్కి పోయి ఆ వాక్యం చదివింది. "పదకొండు రోజులు," అన్నాడు బట్టతల కెప్టెన్. బెర్తా అతనికి థాంక్స్ చెప్పి, బొగ్గుముక్క అడిగింది. ఎవేలియో తలుపు దగ్గర కాఫీ గిన్నె పట్టుకుని నిలబడిపోయాడు. బెర్తా గోడ మీద రాసింది. రాయడం అయ్యాక ఆగిపోయింది. పుస్తకం అయిపోయింది.

ఒబ్దూలియా కత్తి తీసుకుంది. మంచం కోడు మీద కొట్టింది. టక్. టక్. టక్. ఆ చేతులకు అంత బలం ఎక్కడిదో.

"ఏమంటావక్కా?" అని అడిగింది సొరాయిదా. నాలుగు వారాలుగా నూట పదిమంది అడిగిన ప్రశ్నను ఎదురుగా అడగడం ఆమెకు అదే మొదలు.

"పెర్ఫెక్టోకి చెప్పు, సీరియల్ కంటే ఇదే మేలని. బ్యాటరీ తెచ్చి పెట్టడం ఎవడైనా రాస్తాడు. ఆ గోడ చూడు. ఏ పిల్లాడికి ఏ మందో రాసి పోయింది. అట్లా రాయాలంటే దానికి ముందు తెలియాలిగా. కెప్టెన్ చెప్పాడు కాబట్టే రాసింది. ఒక్క తప్పుంది. చుట్టూ ఇంతమంది ఉండి ఆ ముసల్దానికి ఒక కుర్చీ వెయ్యలేదు, నిలబడే రాసింది. అది మాత్రం నాకు నచ్చలా."

కాసేపు ఆయాసపడింది. ఎవేలియో కాఫీ ఇవ్వబోతే వద్దని చెయ్యి ఊపింది.

"రేపు ఇవే పేజీలు హాల్లో చదువు. కిటికీలన్నీ తీయించు. వాళ్ల కత్తులు ఏం చెబుతాయో నాకు ఇక్కడికి వినబడాలి."

"చదువుతానక్కా." సొరాయిదా లేవబోయింది.

"కూర్చో, నీ పని అవలా. ఆ సొరుగులో పెన్సిలుంది, తియ్యి. నేను చెబుతుంటే నువ్వు రాయాలి. ఈ ముసలాడికి కందిపప్పుకీ నల్లచిక్కుడుకీ తేడా తెలియదు. కోళ్లకి నీళ్లెప్పుడో తెలియదు. తన గుండె మాత్రలు ఎక్కడ పెడతాడో వాడికే తెలియదు. చాలా ఉంది రాయడానికి. ఎన్నాళ్లలో రాయాలో నాకు తెలియాలి." ఆమె మొగుడి వైపు తిరిగింది. "ఎవేలియో, ఆ కాఫీ కింద పెట్టు. ఇట్లా వచ్చి కూర్చో. వరండాలోకి పిలిచి డాక్టరు ఏమన్నాడో చెప్పు. మొదటి నుంచి చెప్పు. జుట్టు మొలిపించకుండా చెప్పు. ఇప్పుడే."