ఈ చివర ఊపిరి, ఆ చివర నిప్పు

నేను ఒక ఊదుగొట్టాన్ని. పొయ్యిలో నిప్పు రాజెయ్యడానికి ఆడవాళ్ళు నోటికి ఆనించుకుని ఊదే మూరెడు ఇనపగొట్టం, అంతే. నా పుట్టుక మాత్రం గొప్పదే సుమండీ! ఒకప్పుడు నేను ఆసుపత్రి మంచానికి తలాపు గొట్టాన్ని. మంచం విరిగి పాత ఇనుములో పడితే, కమ్మరి నన్ను కోసి, అంచులు అరగదీసి, ఒంగోలు పక్క పల్లెలో కొత్తగా కాపరానికొచ్చిన చెంచమ్మ చేతికిచ్చాడు. ఆ మంచానికేసిన తెల్లరంగు ఇప్పటికీ నా ఒంటిమీద అక్కడక్కడా ఉంది. ఆసుపత్రి మంచంతో చెంచమ్మకు జన్మలో దక్కిన సంబంధం అదొక్కటే.

ఆమె పెనిమిటి మాల్యాద్రి పొగాకు రైతు. అన్నం తినడానికి తప్ప చుట్ట నోట్లోంచి తీసేవాడు కాదు. ఆకు కోసుకున్నాక చేలో మిగిలిన పొగాకు కట్టే ఆ ఇంటి వంటచెరకు. ఆయన పొగాకు వరండాలో కాలేది, ఆమె పొగాకు వంటింట్లో. ఎవరి వాటా ఎక్కువో నన్నడగండి, చెబుతాను.

ఇంట్లో గ్యాసు పొయ్యి లేదనుకునేరు. ఉంది. ప్రభుత్వం చెంచమ్మ పేరునే ఇచ్చింది. దానికి బొట్టు పెట్టి, పాత చీరముక్క కప్పి, మూలన కూర్చోబెట్టారు. చుట్టాలొస్తే కాఫీకి తప్ప వెలిగించరు. "కట్టెల మీద ఉడికిందే కూడు. గ్యాసు మీద వండిందీ ఒక కూడేనా?" అనేవాడు మాల్యాద్రి. రుచి ఆయనకు, పొగ ఆమెకు. పంపకం సజావుగానే సాగింది.

దగ్గు మాత్రం ఇద్దరికీ వచ్చింది. అదేం చిత్రమో, ఆయనకొస్తే రోగమైంది, ఆమెకొస్తే వయసైంది. ఆయన్ను ఒంగోలు తీసుకెళ్ళి పరీక్ష చేయించారు. మందు పీల్చుకునే చిన్న గొట్టమొకటి, రోజూ గుడ్డు, పాలు ఏర్పాటయ్యాయి. ఊరి ఆశా కార్యకర్త ఎస్తేరు పలకరించడానికొస్తే, చెంచమ్మ నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆ ముచ్చట చెప్పి ఒకటే నవ్వు.

"ఊపిరి చూడటానికి ఎంత మిషనుందనుకున్నావ్ ఎస్తేరమ్మా! గట్టిగా ఊదు, గట్టిగా ఊదు అని ఒకటే పోరు. ఈయన మూడుసార్లు ఊది కూలబడ్డాడు. నేను సంచి పట్టుకుని పక్కనే నిలబడ్డా. నన్నడిగితే ఎసరు మరిగిందాకా ఊదేదాన్ని గదా!"

నవ్వు సగంలోనే తెగిపోయింది. దగ్గీ దగ్గీ గోడ పట్టుకుంది.

"చాల్లే అక్కా, నువ్వూ ఊది చూపించుకోవాలి. బేస్తవారం నాతో రా, నేను తీసుకుపోతా," అంది ఎస్తేరు.

వరండా వైపు కిటికీలోంచి మాల్యాద్రి గొంతు వినిపించింది. "దానికేందమ్మా, చుట్టా బీడీనా? మిరియాల కషాయం తాగితే అదే పోద్ది. బేస్తవారం బ్యారన్‌కి ఆకు ఎక్కిస్తన్నాం. కూలోళ్ళకి కూడెవరు వండుతారు?"

"అవున్లే, ఆ పని కానీ, చూద్దాం," అంది చెంచమ్మ. బ్యారన్‌ కొట్టంలో ఆకు కాల్చడం అయ్యాక, రకాలుగా ఏరే గ్రేడింగు వచ్చింది. గ్రేడింగు అయ్యాక అమ్మకాలు వచ్చాయి. ఆడదాని జబ్బు వరసలో ఎప్పుడూ ఆఖరునే నిలబడుతుంది.

పొగ దగ్గర ఉండొద్దని మాల్యాద్రికి డాక్టరు చెప్పాడు. ఆ మాట మాత్రం ఆ ఇంట్లో తు.చ. తప్పకుండా పాటించారు. వంటింటి పొగంతా బయటికి పోయేది వరండా వైపున్న ఆ ఒక్క కిటికీలోంచే. దాంట్లో గోనెపట్టలు కుక్కి పైన మట్టి మెత్తారు. మెత్తిందెవరనుకున్నారు? చెంచమ్మే. "ఆయనకి పొగ పడదంట," అనుకుంటూ సందులు కూడా వేలితో పూడ్చింది. ఇక పొగకు ఆమె ముక్కు తప్ప వేరే దారి లేకుండా పోయింది. మాల్యాద్రికి దగ్గు తగ్గింది. చుట్ట మానలేదు, అయినా తగ్గింది. డాక్టరు హస్తవాసి మంచిదని ఊరంతా చెప్పుకున్నాడు.

ఆమె ఊపిరి సంగతి నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. కాపరానికొచ్చిన కొత్తలో ఒక్క ఊదుకు బూడిద లేచి గోడకు కొట్టేది. రానురాను ఊదుకూ ఊదుకూ మధ్య నన్ను ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఆగేది. అరవాలనిపించేది నాకు. ఉన్నవి రెండు నోళ్ళు, కానీ ఎవరో ఒకరు ఊపిరి పోస్తే తప్ప ఒక్కటీ పలకదు.

అమ్మకాలు ఇంకా జరుగుతుండగానే, ఒక పొద్దున చెంచమ్మ నన్ను పెదాలకు ఆనించింది. ఈ చివర ఊపిరి బయల్దేరింది. ఆ చివరకు చేరలేదు. నేను ఆమె చేతిలోంచి జారి బూడిదలో పడ్డాను. వరండాలోంచి "ఏమే, కాఫీ ఏదీ?" అన్న కేక వినిపించింది. కాసేపటికి ఇంకోటి. కిటికీ పూడ్చేశారు కదా, ఆయనకేమీ కనిపించలేదు.

పెద్దకర్మ అయిన మర్నాడే మాల్యాద్రి గ్యాసు మీది చీరముక్క తీశాడు. "ఆ పొగలో ఎవరు కూచుంటారమ్మా?" అన్నాడు ఎస్తేరుతో. పూడ్చిన కిటికీ వంక చూసింది ఎస్తేరు. ఇచ్చిన కాఫీ ముట్టకుండా లేచి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను వాకిట్లో పాత ఇనుములో పడి ఉన్నాను. నిన్న సిలిండరు బండి వచ్చి ఆగింది.

"చెంచమ్మగారి ఇల్లు ఇదేనా?" అనడిగాడు బండతను.

"ఇదే," అన్నాడు మాల్యాద్రి. "తొందరగా తగిలించు, కాఫీ తాగే యాళైంది."